చిరిగిన సీట్ల బండి

"అమ్మమ్మా, మేం కారు కొనాలనుకుంటున్నాం. ఆయనేమో కొత్తదే కొందాం అంటున్నారు. మావగారేమో అదే డబ్బుకి పాతదైతే పెద్దది వస్తుంది, ఇంటిల్లిపాదీ పడతాం అంటున్నారు. నువ్వేమంటావ్?"

నేనా? నన్నడుగుతావేవిటే, నాకేం తెలుసు కార్ల గురించి. ఉండు, ఆ మోకాలికి కాదు, ఈ మోకాలికి రాయి నూనె. ఆఁ, అక్కడే. మరీ అంత గట్టిగా కాదు తల్లీ, అది మోకాలు, చపాతీ పిండి కాదు. కింద కూర్చున్నావేం, పీట లాక్కో. సరే, నీ ఇష్టం. ఆ ఫోనులో నా మాటలు పడుతున్నాయా? పడనీ.

నాకు నవ్వెందుకొస్తోందంటే, సరిగ్గా ఇదే తగువు మా అత్తారింట్లోనూ జరిగింది. నేను కాపరానికొచ్చిన మూడో ఏడు. కాదు, రెండో ఏడే, మీ పెద్దమావయ్య ఇంకా కడుపున పడలేదు. జమీందారీలు పోయిన కొత్త అది. దివాణాల్లో ఉన్న సామానంతా అమ్మకానికొచ్చేది. అద్దాల బీరువాలు, పందిరిమంచాలు, గోడ గడియారాలు. మా పక్కింటివాళ్ళు ఒక గడియారం తెచ్చుకున్నారు, అది ఎప్పుడు చూసినా పదింబావే. అయినా రోజూ కీ ఇచ్చేవారు పాపం. సరే, గడియారం సంగతి కాదు కదూ నువ్వడిగింది.

మా అత్తారి ఊరు అమలాపురానికి నాలుగు మైళ్ళు, కాలవ గట్టు మీద రోడ్డు. ఇంట్లో రెండెడ్ల బండి ఉండేది. మగవాళ్ళకి ఏ లోటూ లేదు. మా అత్తగారికే కష్టం. ఆవిడకి మోకాళ్ళు వంగేవి కావు. నాకిప్పుడున్నది అందులో పావలా వంతు. ఎడ్లబండిలో ఎక్కాలంటే కాలు మడవాలి కదా, గడ్డి మీద మఠం వేసుక్కూచోవాలి కదా. అది ఆవిడ వల్ల కాదు. పెరట్లో అరుగు మీద కూర్చోగలదు, నిలబడగలదు, వంట చేయగలదు, మమ్మల్ని కేకలెయ్యగలదు. అంతే. ఏడేళ్ళయింది ఆవిడ ఊరి పొలిమేర దాటి.

అవతల ద్రాక్షారామంలో ఆవిడ చెల్లెలు. నాకు పిన్నత్తగారు. అక్కాచెల్లెళ్ళిద్దరే, అన్నదమ్ములు లేరు. ఆ పిన్నత్తగారు కాలుజారి పడి తుంటి విరిగి మంచం పట్టేరు. ఈవిడ గోదావరి దాటలేరు, ఆవిడ గుమ్మం దాటలేరు. మధ్యలో ఉన్నది ఎంత దూరం, మా ఊళ్ళో పొద్దున్న బయల్దేరినవాడు భోజనం వేళకి అక్కడుంటాడు. ఎవరు ద్రాక్షారామం వెళ్ళినా మా అత్తగారు ఊరగాయ జాడీ ఇచ్చి పంపేవారు. జాడీ ఖాళీగా వెనక్కి రాకూడదని పిన్నత్తగారు అందులో ఏదో ఒకటి పెట్టి పంపేవారు. ఏడేళ్ళూ ఆ అక్కాచెల్లెళ్ళ మధ్య తిరిగింది ఆ జాడీ ఒక్కటే. ఆ జాడీని చూస్తే నాకు ఒళ్ళు మండేది, ఏడుపూ వచ్చేది.

ఆ ఏడు కొబ్బరికాయ మంచి ధర పలికింది. ఎంతంటావా? అణాకి ఒకటో, అణాకి రెండో... పోనీలే, బాగానే పలికింది. మా మావగారు ఉన్నట్టుండి కారు కొందాం అన్నారు. ఎందుకండీ అంటే, అమలాపురంలో కోర్టు పనులున్నాయిగా అన్నారు. ఏ కోర్టు పనులు! ఆయనకి ఉన్నది ఒక్క గట్టు తగాదా, అదీ ఏడాదికోసారి వాయిదా. ఆ కాలపు మగవాళ్ళు అంతే. పెళ్ళాం కోసం కారు కొంటున్నాననడానికి నోరు రాదు, కోర్టు మీద పెడతారు.

ఇంక మొదలైంది. మీ తాతయ్య కొత్తదే కొనాలన్నారు. కాకినాడలో కొట్టుకి వెళ్ళి చూసొచ్చేరు, చిన్నదే అయినా నిగనిగలాడుతోందన్నారు. ఎవడో తొక్కి తొక్కి వదిలేసిన బండి మనకెందుకు, అది ఏ రేవులోనో ఆగిపోతే నలుగురూ నవ్వరా అని ఆయన వాదం. మీ చిన్నతాతయ్య, అదే మా మరిది, రామచంద్రాపురం అవతల ఒక దివాణంలో పాత అమెరికా బండి చూసొచ్చేడు. అది పందిరంత ఉంది వదినా, ఎనిమిదిమంది కూర్చోవచ్చు, ఇంకా ఇద్దరికి చోటు మిగుల్తుంది అనేవాడు. ఆ మిగిలిన ఇద్దరూ ఎక్కడ కూర్చుంటారో నాకు ఇప్పటికీ తెలీదు. పొద్దున్న కాఫీ దగ్గర్నించి ఇదే గోల. మీ తాతయ్య సంగతి నీకు తెలుసుగా, ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మావగారు ఇద్దరి మాటా విని తలూపేవారు, ఏదీ తేల్చేవారు కాదు.

అసలు ఎవరి కోసం కొంటున్నారో ఆవిడని మాత్రం ఎవ్వరూ అడగలేదు. ఇది రాసుకో. అంటే, ఆ ఫోనులో పెట్టుకో.

ఒకరోజు కాకినాడ కొట్టువాళ్ళు కొత్త బండి తోలుకొచ్చి మా వాకిట్లో పెట్టేరు, చూసుకోమని. పెళ్ళిచూపులకి పిల్లని తీసుకొచ్చినట్టు. ఊరంతా వచ్చింది. మీ తాతయ్య మొహం చూడాలి ఆవేళ, ఆయనే తయారుచేసినట్టు. అమ్మా, ఒకసారి కూర్చుని చూడమ్మా అన్నారు. అత్తగారు మెల్లిగా నడుచుకుంటూ వచ్చేరు. తలుపు తీసేరు. ఆవిడ ఎక్కలేదు. కొంచెం వంగి, లోపలికి మొహం పెట్టి, ఒక్క క్షణం అలా నిలబడ్డారు. తరవాత సీటు మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసేసుకున్నారు. ఈ వయసులో నాకెందుకురా కార్లూ గీర్లూ, మీరు తిరగండి అని లోపలికెళ్ళిపోయేరు.

మగవాళ్ళు ముగ్గురికీ మూడు అర్థాలు తోచాయి. డబ్బు దండగని అలిగిందని మావగారు, చిన్నబండి నచ్చలేదని మరిది, కొత్త కదా అలవాటవుతుందని మీ తాతయ్య. నేను గుమ్మం చాటు నించి చూసేను కదా, ఆవిడ వాసన చూసేరు. అది నాకొక్కదానికే తెలుసు.

మర్నాడు మధ్యాన్నం నేను ఆవిడ మోకాళ్ళకి ఇదిగో ఇలాగే నూనె రాస్తున్నాను. ఆవిడ అరుగు మీద, నేను కింద. అడగాలా వద్దా అని అరగంట ఆలోచించి అడిగేను, అత్తయ్యగారూ, ఆ బండెందుకు వద్దన్నారూ అని. పెరట్లో గౌరి ఉంది, మా ఆవు. ఆవిడ చేత్తోనే తాగేది కుడితి, ఇంకెవరు పెట్టినా తల తిప్పేసుకునేది. ఆ ఆవు కేసి చూస్తూ అన్నారు:

"పొద్దున్న లేచి దాని మొహం చూసి దణ్ణం పెట్టుకుంటాను. మధ్యాన్నం దాని తోలు మీద కూర్చోమంటావుటే?"

అప్పుడు చూసేను ఆవిడ పాదాలు. ఎండైనా, రోళ్ళు పగిలే రోహిణి కార్తైనా, ఆవిడ చెప్పులేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మోకాళ్ళ నొప్పి వల్ల అనుకునేదాన్ని. రెండేళ్ళు ఆ కాళ్ళకి నూనె రాసేను, ఆ ముక్క నాకు తట్టలేదు చూడు.

చెల్లెల్ని చూడాలని లేదా అత్తయ్యగారూ అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. నేను చూడగా ఆవిడ కళ్ళు తుడుచుకోవడం అదే మొదలు. మగవాళ్ళకి చెప్పకు, నవ్వుతారు అన్నారు. నాచేత ఒట్టేయించుకున్నారు కూడాను.

ఇప్పుడు నా గతి చూడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషిని నేను. చెప్తే ఒట్టు తప్పినదాన్ని. చెప్పకపోతే ఆ కొత్త బండి కొనేస్తారు, ఆవిడ ఎక్కరు, మావగారికి కోపం వస్తుంది, ఆ అక్కాచెల్లెళ్ళు జన్మలో ఒకరి మొహం ఒకరు చూసుకోరు. రెండ్రోజులు అన్నం సయించలేదు నాకు.

మూడోనాడు ఆ దివాణం బండి చూడ్డానికి మావగారూ అన్నదమ్ములిద్దరూ వెళ్ళొచ్చేరు. భోజనాలకి కూర్చున్నారు. కంద బచ్చలి చేసేను ఆవేళ. మీ తాతయ్య ఒకటే దెప్పడం, ఏముందిరా ఆ బండిలో, వెనక సీటంతా ఎలకలు కొట్టేసేయి, పీచులు పీచులుగా వేలాడుతోంది, ఆ సీటు పీకి పారెయ్యడమే అని. మరిది తల దించుకున్నాడు. మావగారు కూడా, అయితే కొత్తదే ఖాయం చేద్దాంలే అని మజ్జిగ పోసుకున్నారు.

నీకు తెలీదు, ఆ రోజుల్లో మావగారి ఎదట కోడలు మాట్లాడ్డమంటే మాటలు కాదు. రెండేళ్ళలో ఆయనతో నేను నేరుగా ఒక్క ముక్క అన్లేదు. ఏం కావాలన్నా అత్తగారి ద్వారానే. నేను వంటింటి గుమ్మం వెనక నించుని, కూర గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని, అనేశాను.

"మావయ్యగారూ, ఆ పాత బండే మంచిదండి. దానికి సీట్లు చిరిగిపోయాయి కదండీ."

మరిది పగలబడి నవ్వేడు. మీ తాతయ్య కూడా నవ్వేరు కానీ చెవులు ఎర్రబడ్డాయి, తన పక్షం మాట్లాడవలసిన పెళ్ళాం ఇలా చేసిందని. మావగారు మాత్రం నవ్వలేదు. మజ్జిగ గ్లాసు అలా పట్టుకునే ఉన్నారు. వంటింట్లోకి చూసేరు, అక్కడ అత్తగారు పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నారు. ఆవిడ మొహం చూసేరో, వెనక నించి ఆవిడ పాదాలే చూసేరో నాకు తెలీదు. నలభై ఏళ్ళు కాపరం చేసిన మనిషి కదా, అప్పుడు అందింది ఆయనకి. లేచి చెయ్యి కడుక్కుని, రేపెళ్ళి ఆ పాతది ఖాయం చేసి రండిరా అన్నారు. ఎందుకని అడగడానికి ఎవరికీ గుండె లేదు.

నేను చెప్పలేదు. చెప్పకుండానూ ఉండలేదు. ఒట్టు తప్పేనో లేదో ఆ భీమేశ్వరుడికే తెలియాలి.

మీ తాతయ్య మూడ్రోజులు నాతో మాట్లాడలేదు. ఆ మూడ్రోజులూ హాయిగా గడిచాయి, ఆయనతో అనకు. అంటే, ఇప్పుడు అనడానికి లేరనుకో. కానీ అత్తగారు కూడా ఆ మాట ఎత్తలేదు చూడూ, అదే నాకు భయం వేసింది. తిట్టినా బాగుండును. నూనె రాయించుకునేవారు, పని చెప్పేవారు, ఆ సంగతి మాత్రం ఊఁహూ. నామీద ఆవిడ మనసు విరిగిపోయిందేమోనని కుమిలిపోయేను.

బండొచ్చింది. నల్లగా, గుండ్రంగా, తలుపుల కింద పొడుగ్గా కాలు పెట్టుకోడానికి మెట్టు. లోపల టాపు ఎంతెత్తని, పిల్లలు నించోవచ్చు. చిన్న కొత్త బండైతే తరవాత జరిగింది జరిగేది కాదు. మావగారు వెనక సీటు మొత్తం పీకించేసేరు. మా వడ్రంగి వీర్రాజుని పిలిచి, తోలూ గీలూ లేకుండా కర్రతో చెయ్యరా, పైన మన కొబ్బరిపీచే వెయ్యి అన్నారు. ఆయ్, అలాగేనండి అన్నాడు వాడు. ఎంతెత్తు చెయ్యమంటారండీ అనడిగితే, మీ అమ్మగారికి సరిపోయేటట్టు చెయ్యి అన్నారు మావగారు. అంతే, ఆ మాట పట్టుకుని వాడు కారు దగ్గరికి వెళ్ళకుండా తిన్నగా పెరట్లోకొచ్చి, అత్తగారు కూర్చునే అరుగుని కొబ్బరి ఈనెతో కొలుచుకుని, ఈనె అక్కడికి తుంచుకుని పోయేడు.

మరి వాడు చేసింది కారు సీటు కాదు, అరుగు! పనసచెక్కతో, పచ్చగా ఎంత బాగుందని. దాని మీద పీచు నానేసి, బాది, ఎండబెట్టి నింపిన పరుపు. పైన బండారులంక నేతవాళ్ళ దగ్గర నేయించిన ముతక గుడ్డ, ఎర్ర అంచు. కానీ అంత ఎత్తున ఎవరు కూర్చుంటారు? మీ తాతయ్య కూర్చుంటే తల టాపుకి కొట్టుకుని మెడ వంకరైంది. ఇదిగో, ఇదీ మీ పాత బండి అన్నారు ఆయన, అలా మెడ వంకరగా పెట్టుకునే. వీర్రాజు ఈనె ముక్క చూపించి కొలత తప్పలేదండీ అంటాడు. నిజమే, తప్పలేదు.

అప్పుడు అత్తగారొచ్చేరు. వెనక్కి తిరిగి, కింద పీటా పైన మెట్టూ ఆసరా చేసుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కూర్చుండిపోయేరు. మోకాలు వంచక్కర్లేకపోయింది. కాళ్ళు మెల్లిగా లోపలికి తిప్పుకున్నారు. పొట్టి మనిషేమో, తలకీ టాపుకీ జానెడు ఖాళీ. ఇటూ అటూ చూసి, గుడ్డ నిమిరి, ద్రాక్షారామం ఎప్పుడు వెళ్తామూ అన్నారు. మావగారు చటుక్కున కొబ్బరితోటలోకి వెళ్ళిపోయేరు, ఏదో పనున్నట్టు.

కార్తీకంలో వెళ్ళేం. డ్రైవరు గంగరాజు, వాడి పక్కన మావగారు. అది తోలు సీటే, ఆవిడ దాన్ని పట్టించుకోలేదు. నా మట్టుకు నేను, ఇంకొకళ్ళ సంగతి నాకెందుకు అనేవారు ఆవిడ. మరి నేనెక్కడ కూర్చున్నానంటావా? అత్తగారితో సమానంగా కోడలు కూర్చోడమేవిటి ఆ రోజుల్లో! కింద, ఆవిడ కాళ్ళ దగ్గర చాపేసుకుని కూర్చున్నాను. పెద్ద బండి కదా, మరిది చెప్పిన ఆ ఖాళీ అదేనేమో. ఒళ్ళో ఊరగాయ జాడీ.

ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కించేరు బండిని. రెండు నావలు జోడించి పైన బల్లలు పరుస్తారు, దాని మీదకి కారు ఎక్కించడమంటే పెద్ద గండమే. అందరం దిగేం, ఆవిడ దిగలేదు. దిగితే మళ్ళీ ఎక్కడమొకటి, మునిగితే గోదావరే కదా అన్నారు. మీ తాతయ్య ఆగిపోతుందన్న బండి, ఒక్క కుదుపు లేకుండా ఎక్కింది. ఏడేళ్ళకి గోదావరి చూసేరు ఆవిడ, కారు కిటికీలోంచి. నేను పంటు మీద నించుని ఆవిడనే చూసేను. కోటిపల్లి ఒడ్డు వచ్చేదాకా రెప్ప వెయ్యలేదు.

ద్రాక్షారామంలో ఇంటి ముందు ఆపేసరికి ఇంకో చిక్కు. వాళ్ళ గుమ్మానికి ఏడు మెట్లు. ఆవిడ ఎక్కలేరు. ఇంతదూరం వచ్చి మెట్ల దగ్గర ఆగిపోయేం. అందరూ చూస్తూ నించున్నారు, కుర్చీలో ఎక్కించుదామని ఒకడు, చెక్క వేద్దామని ఒకడు. అత్తగారు కార్లోంచే, దాన్నే ఇటు తీసుకురండిరా, ఇక్కడ బోలెడు చోటుంది అన్నారు. పిన్నత్తగారి కొడుకులిద్దరూ ఆవిడని చేతుల మీద ఎత్తుకొచ్చి, అక్క పక్కన కూర్చోబెట్టేరు. ఎంత బక్కచిక్కిపోయేరని, పసిపిల్లలా. తుంటి నొప్పికి మెత్తటి సీటైతే కూరుకుపోయేవారు, పీచు సీటు గట్టిగా ఉండి ఆసరా ఇచ్చింది.

తలుపులు వేసుకున్నారు. పొద్దు వాటారేదాకా ఆ అక్కాచెల్లెళ్ళు నడివీధిలో ఆ కార్లోనే ఉన్నారు. భోజనం కూడా అక్కడే, ఒక పళ్ళెంలో. ఏం మాట్లాడుకున్నారంటావ్? నేను కాళ్ళ దగ్గరే ఉన్నాను, అన్నీ విన్నాను. ఏమీ లేదు. పుట్టింట్లో ఎవరు ఎవరి పరికిణీ చింపేరో, దెబ్బలు ఎవరు తిన్నారో. నువ్వే చింపేవంటే నువ్వే చింపేవని. యాభై ఏళ్ళ కిందటి పరికిణీ తల్లీ. గంగరాజు వాళ్ళిద్దర్నీ గుడి వీధుల్లో మెల్లిగా ఒక చుట్టు తిప్పేడు. పిన్నత్తగారు ఇంకోసారి అన్నారు. మళ్ళీ ఇంకోసారి అన్నారు. మూడు ప్రదక్షిణలయ్యాయి, స్వామికి బయట నించే దణ్ణం. తరవాత ఇంకో రెండుసార్లు వెళ్ళొచ్చేం. ఆ వేసవిలో పిన్నత్తగారు పోయేరు. చూసుకున్నారు కదా, అది చాలు.

ఆ మొదటిరోజు తిరిగొస్తున్నప్పుడు, ఎండ ఇంకా పోలేదు. కోటిపల్లి రేవు దగ్గర పంటు కోసం ఆగేం. మావగారూ గంగరాజూ దిగి రేవులోకి వెళ్ళేరు. లోపల మేమిద్దరమే. నేను కింద, ఖాళీ జాడీతో. కాదు ఖాళీ కాదు, పిన్నత్తగారు అందులో మినపసున్ని పెట్టేరు. అత్తగారు పక్కన సీటు మీద చేత్తో రెండుసార్లు తట్టేరు. నాకర్థం కాలేదు. పైకి రా అన్నారు. నేను వద్దు అత్తయ్యగారూ, ఇక్కడ బాగానే ఉంది అన్నాను.

"మావగారి ముందు నోరు విప్పినదానివి, నా పక్కన కూర్చోడానికి సిగ్గెందుకే? రా."

కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు, మా ఊరొచ్చేదాకా వదల్లేదు. పంటు మీదా వదల్లేదు. ఇంక ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ బండిలో నా చోటు అదే.

కొత్తదా పాతదా అన్నావు కదూ. నాకేం తెలుసే. మీ అత్తగారిని అడిగేవా? మీరిద్దరూ, మీ మావగారూ మాట్లాడుకుంటున్నారు, బానే ఉంది. ఆవిడని ఒకసారి ఎక్కించి కూర్చోబెట్టి చూడు. వద్దంటే ఎందుకు వద్దంటోందో అడుగు, పదిమందిలో కాదు, ఇలా నూనె రాసేటప్పుడు. నీ చేతి చలవ వల్ల ఆ ఇల్లు పచ్చగా ఉండాలి, నీ బండి ఎక్కడికెళ్ళినా క్షేమంగా గుమ్మం చేరాలి, నువ్వు... ఇంక చాల్లే ఆ నూనె. చేతులు తుడుచుకో. కిందెందుకే ఇంకా, పైకి రా. ఇదిగో, ఇక్కడ, నా పక్కన...